నాలుగో ఆవర్తనం చివర

చెయ్యి జేబులోంచి తీసెయ్యండి. ఆ జంతిక ఇప్పుడు వద్దు.

“తాతయ్యా, మెట్రోలో తింటే వంద దిర్హాములు ఫైన్!” మనవరాలు మీ మోచెయ్యి పట్టుకుని గుంజుతోంది. ఆరేళ్లది. గొంతు మాత్రం బోగీ ఈ చివర నుంచి ఆ చివరకి వినిపిస్తుంది. ఎదురు సీట్లో కూర్చున్న అమ్మాయి నవ్వు ఆపుకుంటోంది. మీరు జంతికని మళ్లీ రుమాల్లో చుట్టేస్తారు.

ఫిబ్రవరి నెల, శనివారం సాయంత్రం. దుబాయ్ బుర్జుమాన్ స్టేషన్‌లో ఎక్కారు. ఆరో స్టేషన్‌లో దిగాలి. రైలుకి డ్రైవరు లేడు, మీరు వచ్చి ఐదు వారాలైనా ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా కడ్డీని కాస్త గట్టిగా పట్టుకుంటారు.

నిజానికి ఈ కచేరీకి వెళ్లాల్సింది మీరు కాదు. టికెట్లు మీ అమ్మాయి తీసుకుంది, తనకీ పాపకీ. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది, రాత్రి డ్యూటీకి మనిషి తక్కువైందని. అల్లుడు అబుదాబిలో సైటు మీద ఉన్నాడు. “నాన్నా, నువ్వు తీసుకెళ్లవా? వాళ్ల వయొలిన్ మిస్ వాయిస్తోంది. చూడకపోతే రాత్రంతా ఏడుస్తుంది.” సరే అన్నారు. మీది విజయనగరం. ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు పాఠం చెప్పిన ఊరు. చిన్నప్పటి నుంచీ కచేరీలు విన్న మనిషికి కచేరీలో కూర్చోవడం ఒకరు నేర్పాలా?

ఆ ధీమా ఇంకో గంట ఉంటుంది.

“చప్పట్లు ఎప్పుడు పడితే అప్పుడు కొట్టకూడదు. మాట్లాడకూడదు. కాళ్లు ఊపకూడదు.” పాప వేళ్లు ముడుస్తూ చెబుతోంది. “ఇంకా, హైడన్ తాత జోక్ చేస్తాడు. మెల్లిగా, మెల్లిగా, ఇంకా మెల్లిగా... డాం!” ఎదురు అమ్మాయి ఉలిక్కిపడింది. స్కూల్లో ఈ పాట పెట్టి పిల్లలందరినీ బల్లల కింద దాక్కోమన్నారట. డాం దగ్గర బయటికి దూకాలట. ముందే దూకినవాళ్లు ఓడిపోయినట్టు.

“ఎప్పుడొస్తుందో ఎలా తెలుస్తుంది?”

“లెక్కపెట్టాలి. పదహారు. ఒక్కోదాంట్లో రెండు.”

మీరు తల ఊపుతారు. వినలేదు. స్టేషన్ వచ్చేసింది.

ఇక్కడి నుంచి దుబాయ్ మాల్‌కి అద్దాల వంతెన. నేల దానంతటదే కదులుతుంది, అయినా ఎంతకీ తరగదు. మాల్ దాటి బయటికి వస్తే చల్లగాలి, నీళ్లు, ఎదురుగా 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా. అప్పుడే ఫౌంటెన్ లేచింది. పాప కాళ్లు నేలకి అతుక్కుపోయాయి. ఫోన్ చూస్తారు: ఏడూ ముప్పై ఎనిమిది. ఎనిమిదింటికి మొదలు. ఆలస్యమైతే పాట మధ్యలో లోపలికి పంపరని, విరామం దొరికేదాకా తలుపు దగ్గరే నిలబడాలని అమ్మాయి నాలుగుసార్లు చెప్పింది.

ఆగాలా? లాక్కెళ్లాలా?

లాక్కెళితే ఏడుపు. ఆగితే తలుపు. మీరు మూడో పని చేస్తారు. వంగి, పిల్లని ఎత్తి భుజం మీద వేసుకుంటారు. ఇప్పుడది వెనక్కి తిరిగి ఫౌంటెన్ చూస్తోంది. మీరు ముందుకి నడుస్తున్నారు. అరవై ఆరేళ్ల మోకాళ్లు ఏం అంటున్నాయో వాటికే తెలుసు.

ఎదురుగా ఒడ్డుకి చేరిన పెద్ద ఓడ. గాజు ఓడ, లోపలంతా బంగారు రంగు వెలుగు. అదే దుబాయ్ ఒపేరా. ఈ తీరంలో ముత్యాలకీ సరుకులకీ తిరిగిన కొయ్య ఓడని ధౌ అంటారు. ఆ ఆకారంలోనే కట్టారు. 2016 ఆగస్టు 31న తెరిస్తే, మొదటి రాత్రి పాడింది ప్లాసిడో డొమింగో. భీమిలి ఒడ్డున ఆడుకున్నవాళ్లకి ఓడ అంటే ఉప్పు వాసన, కీలు వాసన. ఈ ఓడ సెంటు వాసనేస్తోంది.

హాలు. రెండు వేల సీట్లు. మీవి వరుసకి సరిగ్గా మధ్యలో. “బాగా కనబడుతుందని మధ్యలో తీశాను నాన్నా,” అంది అమ్మాయి. ఎనిమిది జతల మోకాళ్లు దాటుకుంటూ, ఎనిమిదిసార్లు సారీ చెప్పుకుంటూ వెళ్లి కూర్చుంటారు. ఏసీ చల్లదనం మెడ వెనక తగులుతుంది. పాప స్వెట్టర్ తెచ్చారు. మీది సోఫా మీద ఉండిపోయింది. గొంతులో సన్నగా ఏదో గీరుకుంది. అంతే, పట్టించుకోరు.

“మిస్! అదిగో మిస్!”

రెండో వరుసలో, నల్ల దుస్తుల్లో, ఒడిలో ఫిడేలుతో ఒకావిడ. పగలు పిల్లల వేళ్లు సరిచేసే చెయ్యి. చుట్టూ ఉన్నవాళ్లలోనూ పగటి ఉద్యోగాల వాళ్లు ఎంతమందో. ఊరి ఆర్కెస్ట్రా అంటే ఇదే కదా. ఫిడేళ్ల దగ్గర సగానికి పైగా ఆడవాళ్లు. ఈ ఊళ్లో అందరూ ఆడవాళ్లే ఉన్న ఆర్కెస్ట్రా కూడా ఒకటుంది, ఫిర్దౌస్ అని. ఎక్స్‌పో కోసం ఎ.ఆర్. రెహమాన్ కూర్చాడు, 2021లో మొదటి కచేరీ చేశారు. ఆ వీడియోలు పాపకి కంఠతా.

దీపాలు తగ్గాయి. ఎవరో ఒక్కరు, ఒకే స్వరం పట్టారు. సన్నగా, ముక్కుతో పలికినట్టు. మీకది తెలిసిన గొంతే: సన్నాయికి దగ్గరి చుట్టం. ఓబో. దానికీ సన్నాయికిలాగే రెండు పీకల జోడు. దాని స్వరం అటూ ఇటూ జారదు, అంతమందిలోనూ చీల్చుకుని వినిపిస్తుంది. అందుకే మిగతావాళ్లంతా దానితో శ్రుతి కలుపుతారు. మన దగ్గర తంబురా కచేరీ అంతా మోగుతూనే ఉంటుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఇచ్చి ఆపేస్తారు. ఇక ఎవరి శ్రుతి వాళ్ల బుర్రలోనే.

మొదలైంది.

మీకు మొదట తట్టేది పాట కాదు, కమాన్లు. అన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందకి. గాలికి వరిచేను ఊగినట్టు. కమాను ఎప్పుడు ఎటు లాగాలో ముందే కాగితం మీద గుర్తులు పెట్టుకుంటారట. పాప చెవిలో చెప్పింది, ఆ గుసగుస మూడు వరుసలకి వినపడింది. ఇదే వాయిద్యాన్ని ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి మద్రాసు వైపు తెల్లవాళ్ల దగ్గర నేర్చుకుని మనకి తెచ్చాడంటారు. మనవాళ్లు దాన్ని నేల మీద కూర్చోబెట్టి, కాలికి ఆనించి, గమకం నేర్పారు. ఇక్కడ అది భుజం దిగలేదు. రెండు వందల ఏళ్ల కింద విడిపోయిన అన్నదమ్ముల పిల్లల్ని పెళ్లిలో చూసినట్టుంది మీకు: అదే ముక్కు, వేరే మాట.

మొదటి భాగం ఉరికి, ఎగిరి, ఒక్క ఊపుతో ఆగింది. బాగుంది! భళా! మీ రెండు చేతులూ లేచాయి.

పాప రెండు చేతుల్నీ గాల్లోనే పట్టేసింది.

హాలంతా నిశ్శబ్దం. ఒక్క చప్పుడు లేదు. మీ అరచేతుల మధ్య జానెడు దూరం.

“ఇంకా మూడున్నాయి,” అంది పెదవులతో.

సింఫనీలో నాలుగు భాగాలు. నాలుగూ అయ్యాకే చప్పట్లు, మధ్యలో గుడిలో ఉన్నట్టు ఉండాలి. ఈ ఆచారం దీన్ని రాసిన హైడన్‌కి తెలియదు. ఈ 94వ సింఫనీని లండన్‌లో మొదట వినిపించింది 1792 మార్చి 23న. ఆయనకి అరవై నిండడానికి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ కాలపు జనం భాగం భాగానికీ చప్పట్లు కొట్టేవాళ్లు, నచ్చితే మళ్లీ వాయించమనేవాళ్లు. అంటే హైడన్ మన సభలో కూర్చున్నా ఇబ్బంది పడడు. ఇబ్బందంతా తర్వాతి వాళ్లు తెచ్చిపెట్టిందే. అయినా ఊరి కట్టు ఊరి కట్టే. చేతులు ఒళ్లో పెట్టుకుంటారు.

రెండో భాగం. మెల్లగా. శంకరాభరణమే. సంగీతం పాఠానికి వెళ్లిన మొదటి నెల్లో పిల్లలు పాడగలిగేంత తేలిక. పిల్లి అడుగులు.

అప్పుడు వచ్చింది.

గొంతులో ఇందాకటి గీర. ఇప్పుడది గీర కాదు, దగ్గు.

మింగుతారు. పోలేదు. మళ్లీ మింగుతారు. నోరు ఎండిపోయింది. జేబులో చెయ్యి పెడితే పుదీనా బిళ్ల తగిలింది. హమ్మయ్య. దాని కాగితం కొస పట్టుకుని కొంచెం తిప్పారు.

కర్ర్.

ముందు వరుసలో ఓ తల తిరిగింది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది. లేచి వెళ్లిపోవాలా? ఎనిమిది జతల మోకాళ్లు. పాపని వదిలి ఎలా వెళ్తారు? కాగితం ఒక్కసారిగా లాగేయాలా? మెల్లగా లాగితే ఎక్కువసేపు చప్పుడు, గట్టిగా లాగితే పెద్ద చప్పుడు. ఛాతీ ఎగురుతోంది. కళ్లల్లో నీళ్లు.

పాప మీకేసి చూసింది. అంతా అర్థమైంది దానికి. మీ చెయ్యి జేబులోంచి లాగి తన ఒళ్లో పెట్టుకుంది. మీ అరచేతి మీద దాని వేలు. తడుతోంది. నొక్కి ఒకటి, తేలిగ్గా ఒకటి. నొక్కి, తేలిగ్గా.

పదహారు. ఒక్కోదాంట్లో రెండు.

అంటే ముప్పై రెండు దెబ్బలు. మీకు ముప్పై రెండు అంటే లెక్క కాదు. నాలుగు ఆవర్తనాలు. ఆదితాళం! మొదటిది అయిపోయింది. రెండోది నడుస్తోంది. ఎడమ చెయ్యి తొడ మీద దానంతటదే కదిలింది. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, నడిమి వేలు. దెబ్బ, తిప్పు. దెబ్బ, తిప్పు.

మూడో ఆవర్తనం. అదే పాట మళ్లీ మొదటి నుంచి. కానీ ఇంకా మెల్లగా. కొందరు కమాను వదిలి తీగని వేలితో మీటుతున్నారు. రెండు వేల సీట్లు ఊపిరి బిగపట్టాయి. ఇప్పుడు దగ్గితే పైవరుస దాకా వినిపిస్తుంది.

ఆగండి.

నాలుగోది. దెబ్బ. గొంతు మండుతోంది. చిటికెన వేలు. ఆపలేరు. ఉంగరం వేలు. ఆపాలి. నడిమి వేలు.

దెబ్బ.

తిప్పు.

దెబ్బ.

పాప మీ బొటనవేలు పిండింది.

డాం!

ఆర్కెస్ట్రా మొత్తం ఒక్కసారి పేలింది. పెద్ద డప్పు కడుపులో మోగింది. పక్కాయన సీట్లోంచి అంగుళం లేచాడు. ఎవరో చిన్న కేక వేశారు. ఆ చప్పుడు కింద, దాని నీడలో, మీరు దగ్గారు. గట్టిగా, తృప్తిగా, రెండుసార్లు. ఒక్కరికీ వినపడలేదు.

పాట మళ్లీ పిల్లి అడుగుల్లోకి వెళ్లిపోయింది, ఏమీ ఎరగనట్టు. హాల్లో సన్నటి నవ్వు పాకింది. పాప రెండు చేతుల్తో నోరు మూసుకుని ఊగిపోతోంది. రెండో వరుసలో మిస్ కూడా పెదవి బిగించింది.

నిద్రపోయే శ్రోతల్ని లేపడానికే హైడన్ ఆ దెబ్బ పెట్టాడని లోకంలో మాట. ఆయన జీవితం రాసిన గ్రీసింగర్ ఆ మాటే అడిగితే కాదన్నాడట. జనాన్ని కొత్త దానితో ఆశ్చర్యపరుద్దామనుకున్నానన్నాడట. రెండు కారణాల్లో మీకేది నచ్చినా సరే. దగ్గేవాళ్ల కోసమన్నది మూడో కారణంగా రాసుకోవచ్చు.

మిగిలిన పాటంతా మీరు మళ్లీ ఆ దెబ్బ కోసం కాచుకుంటారు. అదే పాటని నాలుగు రకాలుగా తిప్పి వాయిస్తారు, ఒకచోట ముఖం చిట్లించినట్టు దిగులుగా కూడా. దెబ్బ మాత్రం మళ్లీ రాదు. గడుసువాడు. నాలుగో భాగంలో మీ భుజం మీద పాప తల వాలింది. డప్పులు మోగుతున్నా కదల్లేదు. చివరి చప్పట్లు పాప తరఫున కూడా మీరే కొట్టారు, ఒంటిచేత్తో తొడ మీద.

విరామంలో దీపాలు వెలిగాయి. ఉండాలా, వెళ్లాలా? పిల్ల నిద్రపోతోంది. రెండో సగంలో ఇంకో గంట సంగీతం ఉంది, డబ్బు కట్టిన సంగీతం. ఎనిమిది జతల మోకాళ్లు ఎలాగూ లేచి నిలబడ్డాయి. మీరు పిల్లని ఎత్తుకుని బయటికి నడిచారు.

రైల్లో ఒకసారి కళ్లు తెరిచింది. “తాతయ్యా, నువ్వు ముందే దూకలేదు. నువ్వు గెలిచావు,” అని మళ్లీ పడుకుంది.

మీరూ పిల్లల్ని తీసుకెళ్లండి. టికెట్లు తీసేటప్పుడు వరుస చివర సీట్లు చూసుకోండి. బయల్దేరేముందు జేబులో రెండు లవంగాలు వేసుకోండి. లవంగానికి కాగితం ఉండదు.