చలిని పండించిన పంట: ఎనోకి పుట్టగొడుగు చరిత్ర

మన ఊళ్లలో పుట్టగొడుగులంటే తొలకరి సంగతే. నాలుగు వానలు పడి ఆకాశం ఉరిమితే పుట్టల మీద, గట్ల మీద తెల్లగా లేస్తాయి. చలి మొదలయ్యేసరికి వాటి జాడ ఉండదు. చైనా, కొరియా, జపాన్ దేశాల్లో మాత్రం ఆకులు రాలాకే తలెత్తే రకం ఒకటుంది. జపాన్‌లో దాన్ని ఎనోకి అంటారు. ఎండిపోయిన మల్బరీ, విల్లో వంటి చెట్ల మొద్దుల మీద గుత్తులుగా పుడుతుంది. గొడుగు తేనెరంగులో జిగటగా ఉంటుంది, కాడ అడుగున ముదురు గోధుమరంగు నూగు మఖమల్ బట్టలా మెత్తగా తగులుతుంది. మంచుకు గడ్డకట్టినా చావదు. ఎండ పొడ తగిలి మంచు కరిగితే మళ్లీ ఎదుగుతుంది. సూపర్ మార్కెట్లలో సన్నని తెల్లకాడల కట్టగా దొరికేదీ ఇదే. అడవి పుట్టగొడుగు ఈ రూపానికి రావడం వెనక ఉన్నది మనిషి చలిని వాడుకున్న చరిత్ర.

ఆ చరిత్ర చైనాలో మొదలైందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. టాంగ్ వంశపాలన చివరి రోజుల్లో హాన్ ఎ కూర్చిన ‘సిషి జువాన్ యావ్’ అనే వ్యవసాయ పంచాంగంలో పుట్టగొడుగుల సాగు పద్ధతి ఉంది. కుళ్లిన కాగితపు మల్బరీ కొయ్యను, ఆకులను నేలలో పాతి, బియ్యం కడుగు పోస్తూ తడి ఆరకుండా చూడాలి. మొదట వచ్చే చిన్న మొలకలను కోయకూడదు, నెట్టేయాలి. మర్నాడు వచ్చినవాటినీ అంతే. మూడోసారి వచ్చేవి పెద్దవి, వాటినే తినాలి. రకం పేరు చెప్పకపోయినా, కాగితపు మల్బరీని బట్టి ఇది ఎనోకి గురించేనని వారు భావిస్తారు.

ఐరోపాలో దీని దగ్గరి చుట్టాన్ని ఏరుకుని తిన్నారే గానీ సాగు మీద పెద్దగా మనసు పెట్టలేదు. అక్కడ జరిగిన పనంతా పేర్లు పెట్టడం. 1782లో విలియం కర్టిస్ లండన్ పరిసరాల మొక్కల గ్రంథంలో ఈ ఐరోపా రకాన్ని వర్ణించాడు. 1891లో ఫిన్లండ్ శాస్త్రవేత్త కార్‌స్టెన్ ఫ్లామ్యులినా అనే ప్రజాతిని ఏర్పరిచాడు. తూర్పు ఆసియాలో సాగవుతున్నది ఐరోపా రకం కాదని, ఫ్లామ్యులినా ఫిలిఫార్మిస్ అనే వేరే జాతి అని 2018లో జన్యు పరీక్షల ఆధారంగా తేల్చారు.

సాగును మలుపు తిప్పింది జపాన్. మొద్దులు కొట్టి, ఏళ్ల తరబడి కాచుకునే పద్ధతికి బదులు 1920ల చివర్లో రంపపు పొట్టు మీద పెంచడం నేర్చుకున్నారు. నాగానో ప్రాంతంలోని మత్సుషిరోలో హసెగావా గొసాకు అనే ఉపాధ్యాయుడు గాజు సీసాల్లో పెంచే పద్ధతిని రైతులకు అలవాటు చేశాడు. అది పట్టుపురుగుల పెంపకానికి పేరుపడ్డ నేల. 1930 నాటి మాంద్యంలో పట్టు ధర పడిపోయింది. మంచు కప్పిన నెలల్లో పొలం పని ఉండదు. చలిలోనే పండే ఈ పంట ఆ ఖాళీకి సరిగ్గా సరిపోయింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో కుంటుపడినా, తర్వాత ఊరూరా పాకింది.

1960లలో గాజు స్థానంలో పాలీప్రొపిలీన్ సీసాలు వచ్చాయి. వాటితోపాటు శీతల యంత్రాలూ వచ్చాయి. పొట్టు, బియ్యపు తవుడు కలిపి సీసాలో నింపి, ఆవిరితో శుద్ధిచేసి, విత్తనం వేస్తారు. నాలుగు వారాల్లో బూజుతీగ సీసా అంతా అల్లుకుంటుంది. అప్పుడు పైపొరను గీకేస్తారు. ఆ గాయం నుంచే మొలకలు పుడతాయి. తర్వాత మూడు, నాలుగు డిగ్రీల చలిలో, చల్లగాలి విసురుతూ వాటి దూకుడును అణుస్తారు. అన్నీ ఒకే ఎత్తుకు వచ్చాక మూతి చుట్టూ కాగితపు పట్టీ చుడతారు. లోపల బొగ్గుపులుసు వాయువు నిలిచి, వెలుతురు అందక, గొడుగు విప్పుకోదు. కాడలు మాత్రం 12, 13 సెంటీమీటర్లు సాగుతాయి. 1980లలో వెలుతురు పడినా రంగు మారని తెల్లని రకాలు వచ్చాక అడవి తేనెరంగు అంగడిలో దాదాపు కనుమరుగైంది. 1993లో కొలంబియా వ్యోమనౌకలోనూ ఫ్లామ్యులినా పుట్టగొడుగును పెంచారు. గురుత్వం లేనిచోట కాడలు పైకి కాక ఎటుబడితే అటు వంకర్లు పోయాయి.

పేరు పెరిగిన కొద్దీ జాగ్రత్తలూ పెరిగాయి. అడవిలో దీని పక్కనే, అదే సీజన్‌లో గలెరీనా అనే ప్రాణాంతక రకం మొలుస్తుంది. దాని బీజరేణువులు గోధుమరంగువి, ఎనోకివి తెల్లవి. సాగుచేసిన ఎనోకిలోనూ ముప్పు లేకపోలేదు. కొరియా నుంచి దిగుమతైన కట్టల్లోని లిస్టీరియా వల్ల అమెరికాలో 36 మంది జబ్బుపడగా, నలుగురు చనిపోయారని 2020లో అక్కడి ఆరోగ్యశాఖ ప్రకటించింది. అందుకే పచ్చిగా తినకూడదు, బాగా ఉడికించాలి.

నేటికీ జపాన్ ఎనోకిలో సగానికి పైగా నాగానోదే. అయితే సాగుచేసే ఇళ్లు తగ్గి, పెద్ద కర్మాగారాలు మిగిలాయి. మంచు నెలల్లో చేతికి పని దొరుకుతుందని రైతు పెట్టుకున్న పంట ఇది. అప్పట్లో చలికి పైసా ఖర్చు లేదు. ఇప్పుడు ఎండాకాలంలోనూ చలిని కరెంటుతో తయారుచేయాలి. ఆ బిల్లు కట్టగల స్తోమత ఎవరికుంటే పంట వాళ్లదే.