మూగబోయిన యంత్రం: స్పేస్ ఇన్వేడర్స్ శబ్దం కథ

ఒక పాత ఆర్కేడ్ యంత్రం మీ ముందు ఉన్నదనుకోండి. మనిషి ఎత్తు చెక్క కేబినెట్, లోపల 1978 నాటి స్పేస్ ఇన్వేడర్స్ ఆట. స్విచ్ వేయగానే తెర వెలిగింది. 5 వరుసల్లో, వరుసకు 11 చొప్పున, 55 మంది గ్రహాంతర శత్రువులు అడుగులో అడుగు వేసుకుంటూ దిగుతున్నారు. మీట నొక్కితే గుండు పైకి వెళుతున్నది. అంతా సవ్యంగానే ఉన్నది, చప్పుడు మాత్రం లేదు. ఇది రేడియో మెకానిక్ చూసుకోవలసిన పని కదా, చరిత్ర పాఠంలో ఎందుకు అని మీరు అడగవచ్చు. ఆ శబ్దం ఎక్కడినుండి వస్తుందో తెలుసుకుంటే ఈ ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది.

నాణెం వేసి ఆడే వీడియో ఆటల్లో మొదట శబ్దానికి పెద్దపీట వేయలేదు. 1972లో అటారీ సంస్థ పాంగ్ ఆటను తయారుచేసినప్పుడు ఇంజనీరు అల్ ఆల్కార్న్‌ను యజమానుల్లో ఒకరైన నోలన్ బుష్నెల్ జనం హర్షధ్వానాలు వినిపించమన్నాడు. మరొకరైన టెడ్ డాబ్నీ ఓడినవారిని గేలిచేసే అరుపులు కావాలన్నాడు. అంత హంగుకు బోర్డులో చోటు లేదు, విడిభాగాలూ లేవు. తెరమీద బొమ్మను నిలిపే సర్క్యూట్‌లో అప్పటికే రకరకాల సంకేతాలు పుడుతున్నాయి. ఆల్కార్న్ వాటిలో చెవికి నచ్చినవాటిని వెతికి స్పీకర్‌కు కలిపాడు. లోకమంతా విన్న ఆ ‘టక్’ శబ్దం అలా పుట్టింది.

జపాన్‌లో టైటో సంస్థ కోసం తొమోహిరో నిషికాడో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్‌తో పరిస్థితి మారింది. ఇందులో ఇంటెల్ 8080 ప్రాసెసర్ వాడారు. శత్రువులు తగ్గేకొద్దీ ప్రాసెసర్‌కు గీయవలసినవి తగ్గి మిగిలినవాళ్లు వేగంగా కదిలారు. నిషికాడో దీన్ని లోపంగా భావించి సరిదిద్దలేదు, ఆటలో భాగంగానే ఉంచేశాడు. దానికి తోడుగా నాలుగు మంద్రమైన స్వరాలు గుండె చప్పుడులా ఆగకుండా మోగుతుంటాయి. శత్రువులు తగ్గేకొద్దీ ఆ చప్పుడు జోరందుకుంటుంది. తెర చూడకుండానే ప్రమాదం ఎంత పెరిగిందో ఆటగాడికి తెలిసిపోతుంది. అందుకే చప్పుడు లేని స్పేస్ ఇన్వేడర్స్‌ను సగం ఆట అంటాను.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. ఆ నాలుగు స్వరాలు ఎంత తొందరగా మోగాలో ప్రోగ్రాం నిర్ణయిస్తుంది. ఎలా మోగాలో మాత్రం ప్రోగ్రాంలో ఎక్కడా రాసి లేదు. ప్రాసెసర్ ‘ఇప్పుడు మోగు’ అని ఒక సంకేతం పంపి ఊరుకుంటుంది. శబ్దాన్ని పుట్టించేది రెసిస్టర్లు, కెపాసిటర్లు, యాంప్లిఫయర్ చిప్‌లతో కూర్చిన అనలాగ్ సర్క్యూట్. తుపాకీకి ఒకటి, పేలుడుకు ఒకటి, ఇలా ఒక్కో శబ్దానికి ఒక్కో సర్క్యూట్. పైన అడ్డంగా పోయే ఎగిరే పళ్లెం కూతకు మాత్రం టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి ఎస్ఎన్ 76477 అనే శబ్దపు చిప్ వాడారు.

మూగబోయిన యంత్రం దగ్గరకు వద్దాం. ఇది అసలు జబ్బేనా అన్నది ముందు తేల్చుకోవాలి. నాణెం వేయకముందు తెరమీద నడిచే ప్రదర్శనలో ఈ యంత్రం మౌనంగానే ఉంటుంది. ప్రోగ్రాం పంపే ఒక సంకేతం ఆట మొదలైనప్పుడే యాంప్లిఫయర్‌ను తెరుస్తుంది. ఈ సంగతి తెలియక మంచి బోర్డును విప్పి పాడుచేసినవారు ఉంటారు. నాణెం వేసి, ఆట మొదలుపెట్టి, అప్పుడు వినండి.

ఏ ఒక్క శబ్దమూ రాకపోతే, అన్ని శబ్దాలూ కలిసి ప్రయాణించే దారిలో లోపం వెతకాలి. పవర్ తీసేసి స్పీకర్ తీగలు విప్పండి. 8 ఓమ్‌ల స్పీకర్ మీటర్ మీద సుమారు 6 నుంచి 7 ఓమ్‌లు చూపిస్తుంది. మీటర్ అసలు కదలకపోతే స్పీకర్ లోపలి చుట్ట తెగినట్టు. టార్చిలైట్ సెల్లు తీగలను ఒక్క క్షణం తాకించినా ‘టప్’ మని పలకాలి. తర్వాత వాల్యూమ్ కంట్రోల్. ఏళ్లతరబడి తిప్పని కంట్రోల్‌లో దుమ్ము, తుప్పు చేరతాయి, తిప్పితే గరగరమంటుంది. బోర్డు అంచు కనెక్టర్లదీ అదే బాధ. సగం యంత్రాలు శుభ్రం చేస్తేనే పలుకుతాయని మరమ్మతుదారులు అనే మాటలో కొంత అతిశయోక్తి ఉన్నా, మొదట చేయవలసిన పని అదే. మానిటర్ జోలికి మాత్రం తెలియకుండా పోవద్దు. దాని పిక్చర్ ట్యూబులో వేల వోల్టులు ఉంటాయి, పవర్ తీసినా వెంటనే పోవు.

చప్పుడుకు బదులు ‘గుయ్’ మనే మోత వస్తుంటే పవర్ సప్లయ్‌లోని పెద్ద ఫిల్టర్ కెపాసిటర్‌ను అనుమానించాలి. ఏసీ కరెంటు 50 హెర్ట్‌జ్‌లైతే ఆ మోత 100 హెర్ట్‌జ్‌ల దగ్గర, 60 అయితే 120 దగ్గర వినిపిస్తుంది. జపాన్‌లో తూర్పున 50, పడమట 60 హెర్ట్‌జ్‌ల కరెంటు ఉన్నది. కాబట్టి ఒకే యంత్రం జబ్బుపడితే టోక్యోలో ఒక శ్రుతిలోను, ఒసాకాలో మరో శ్రుతిలోను మూలుగుతుంది!

కొన్ని శబ్దాలు వచ్చి ఒకటి రాకపోతే పని సులువవుతుంది. స్పీకర్, యాంప్లిఫయర్ బాగున్నట్టే, ఆ శబ్దపు సొంత సర్క్యూట్ ఒక్కటే చూడాలి. లాజిక్ ప్రోబ్‌తో ‘మోగు’ అనే సంకేతం అక్కడికి చేరుతున్నదా అని చూడండి. చేరుతుంటే తప్పు అనలాగ్ వైపు, చేరకపోతే డిజిటల్ వైపు. గుండె చప్పుడులో నాలుగింటికి మూడే పలికినా ఇదే పద్ధతి. లయ సరిగా ఉండి శ్రుతి మారితే ప్రోగ్రాం నిర్దోషి.

ఆ శ్రుతి మార్పు దగ్గరే అసలు చిక్కు మొదలవుతుంది. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ లోపల తడి రసాయనం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది ఆరిపోతుంది, కెపాసిటర్ సామర్థ్యం తగ్గుతుంది. రెసిస్టర్, కెపాసిటర్ల లబ్ధంపై ఆధారపడి స్వరం పుట్టించే సర్క్యూట్‌లో సామర్థ్యం సగమైతే పౌనఃపున్యం రెట్టింపవుతుంది. అంటే స్వరం ఏకంగా ఒక స్థాయి పైకి పోతుంది. ఇది ఒక్కరోజులో జరగదు. రోజూ వినేవారికి తేడా తెలియదు. మీరు కొత్త కెపాసిటర్ వేయగానే శబ్దం మారుతుంది, అలవాటుపడిన చెవి ‘ఇది పాత శబ్దం కాదే’ అంటుంది. ఎవరిది నిజం?

కొత్తగా ఉన్నప్పుడైనా రెండు యంత్రాలు అచ్చంగా ఒకేలా పలికి ఉండవు. ఆనాటి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు పైన ముద్రించిన విలువకు 20 శాతం అటూ ఇటూ ఉన్నా కంపెనీలు సరేననేవి. 1980 నాటి పాక్‌మాన్‌కు ఈ తంటా తక్కువ. అందులో స్వరపు తరంగం ఆకారమే అంకెల రూపంలో మెమరీ చిప్‌లో రాసి ఉన్నది. ఆ అంకెలు కాపీ చేసుకుంటే స్వరపు రూపం చేతికి వచ్చినట్టే. స్పేస్ ఇన్వేడర్స్ ప్రోగ్రాంను కాపీ చేసుకుంటే ఆట వస్తుంది, శబ్దం రాదు.

1997లో మొదలైన మేమ్ అనే ఎమ్యులేటర్ పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో బతికించింది. స్పేస్ ఇన్వేడర్స్ శబ్దాలకు మాత్రం అది చాలాకాలం రికార్డింగుల మీదే ఆధారపడింది. ఆ రికార్డింగులు ఏదో ఒక యంత్రం, దాని వయసులో ఏదో ఒక రోజున పలికిన తీరు. కంప్యూటర్‌లోనే ఈ ఆటను ఎరిగిన ఒక తరానికి ఆ తీరే ప్రమాణమైపోయింది. సర్క్యూట్ నక్షాను చూసి ప్రతి భాగాన్నీ లెక్కగట్టి శబ్దాన్ని పుట్టించే పద్ధతి కూడా తర్వాత వచ్చింది. అది కాగితం మీది విలువలనే పలికిస్తుంది. కాగితంలో ఉన్నట్టు ఏ యంత్రమూ ఉండలేదని ఇప్పుడే చెప్పుకున్నాం. నా మట్టుకు రెండూ సాక్ష్యాలే, ఏదీ తీర్పు కాదు.

కాబట్టి మీరు అలాంటి యంత్రం మీద చేయి వేసేముందు అది ఎలా పలుకుతున్నదో, ఎంత వికారంగా ఉన్నా సరే, రికార్డు చేయండి. ఒక్కో భాగాన్నే మార్చండి, మార్చిన ప్రతిసారీ వినండి. తీసిన కెపాసిటర్ సామర్థ్యాన్ని మీటర్ మీద కొలిచి, దానిమీద ముద్రించిన విలువ పక్కన రాసుకోండి. పాత భాగాలను తేదీతో సహా ఒక కవరులో వేసి, కేబినెట్ వెనుక తలుపు లోపలివైపు అంటించండి.