వ్యక్తిగత వీడియో గేములు

వినోదం కంటే సొంత అనుభవానికి విలువిస్తూ ఒక్కరో, చిన్న బృందమో తయారుచేసే ఆటలు ఇవి. వీటిలో గెలుపు ప్రధానం కాదు, కొన్నింటిలో అసలు గెలవలేం.

జేసన్ రోరర్ 2007లో చేసిన ‘పాసేజ్’ అయిదు నిమిషాల ఆట. అందులో మనిషి నడుస్తూనే ముసలివాడవుతాడు. భార్యను తోడు తీసుకుంటే ఇరుకు దారులు మూసుకుపోతాయి, ముందుకు నడిచినందుకు వచ్చే పాయింట్లు మాత్రం పెరుగుతాయి. చివరికి ఇద్దరూ చనిపోతారు. చెప్పదలచుకున్నదంతా నియమాలలోనే ఉంది, సంభాషణ లేదు. 2016 నాటి ‘దట్ డ్రాగన్, క్యాన్సర్’ను గ్రీన్ దంపతులు తమ కొడుకు జోయెల్ జబ్బు మీద చేశారు. టొరంటోలో తయారైన ‘వెన్బా’ (2023) వలస వెళ్లిన తమిళ కుటుంబాన్ని వంటల ద్వారా చూపి, 2024లో బాఫ్టా పురస్కారం అందుకుంది.

ఇవి ఆటలే కావన్న విమర్శ ఉంది. అది నిలిచే వాదన కాదు. మన వైకుంఠపాళిలో నేర్పుకు చోటే లేదు, గవ్వలు పడినట్టు పావు కదులుతుంది. అయినా అది ఆటే. పుణ్యం నిచ్చెన, పాపం పాము అన్న భావమే దానికి బలం.

ఉత్తరాంధ్రలో ఇలాంటి ఆటలకు సరుకు తక్కువేమీ కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను కూల్చింది. కొత్త కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ నిరీక్షణే నియమంగా ఒక ఆట కట్టవచ్చు. అందుకు 2009లో వచ్చిన ట్వైన్ అనే ఉచిత సాధనం ఉంది, కోడింగ్ రాకపోయినా అందులో తెలుగు లిపిలోనే ఆట రాయవచ్చు.