లావుణి పట్టా మీద వీసా రాదు

మా వాడల నుంచి సముద్రాలు దాటిపోవడం ఈ సాఫ్ట్‌వేర్ కాలంలో మొదలైన సంగతి కాదు. 1860లో మద్రాసు రేవు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో కూలీలను దింపింది. అక్కడి చెరకు తోటలకు కుదుర్చుకున్న ఒప్పంద కూలీల మొదటి ఓడ అదే. దాని వెనక పోయిన ఓడల్లో తెలుగు కూలీలు వేలమంది. ఆ ఓడల జాబితాల్లో కూలీ పేరు, తండ్రి పేరు, ఊరు, కులం రాసి పెట్టారు. ఆస్తి ఎంతని ఎవరూ రాసుకోలేదు. బర్మాకు పోయిన మనోళ్లను అక్కడ కోరంగీలన్నారు, కోరంగి రేవు పేరు మీద. రంగూన్ రేవులో మూటలు మోసింది వాళ్లే. 1970ల తర్వాత కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి దుబాయి, మస్కట్ బాట పట్టినవాళ్లలోనూ కింది కులాలే ఎక్కువ.

కూలికి పోయినప్పుడు 'మీ నాయినకు ఎన్నెకరాలు' అని ఎవడూ అడగలేదు. చదువుకు పోతామంటేనే అడిగారు. నేను రాస్తున్నది ఆ ప్రశ్న చరిత్ర.

నేను సర్కారు బడి పంతులమ్మను. మాది నల్లగొండ జిల్లాలో ఒక ఊరు, ఆ ఊరి బయట మాదిగవాడ. మా నాయిన జీతమున్నడు. మా అవ్వ నాట్లకు పోయింది. ఇంట్లో మొదటి డిగ్రీ నాది. 2010లో ఉస్మానియాలో ఎం.ఎ. చరిత్రలో చేరిన. క్యాంపస్‌కు ఒకవైపు తార్నాక, ఇంకోవైపు రామంతాపూర్. ఉద్యమం రోజుల్లో హాస్టళ్లు మూసినప్పుడల్లా రామంతాపూర్‌లో కిరాయి గది వెతుక్కునేదాన్ని. 'మీరేమిటోళ్లు' అని అడగని ఇంటామె ఒక్కతి తగల్లేదు.

తార్నాక అంటే తీగ కంచె ఉన్న నాకా అని పాత హైదరాబాదీలు చెప్తరు. ఒకప్పుడు అక్కడ ఒక తోటకు ముళ్లతీగ, దాని ముందు కావలి ఉండేవట. ఆ తీగ ఎప్పుడో పోయింది. ఎవరు లోపలికి రావాలె, ఎవరు బయటికి పోవాలె అని అడిగే కావలి మాత్రం పోలేదు.

క్యాంపస్‌లోనే 1964లో పెట్టిన అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్ లైబ్రరీ ఉంది. తర్వాత దాని పేరు మారింది, పుస్తకాలు ఉన్నయి. నల్లవాళ్ల బానిసత్వం మీద, వాళ్ల బడుల మీద, వాళ్ల ఆడవాళ్ల కూలి మీద అంత రాసి ఉంటుందని నేను మొదట చూసింది అక్కడే. మా అవ్వ నాటు కూలి మీద ఒక్క పుస్తకం లేదెందుకని అడుక్కున్న. ఆ చరిత్ర నేనే రాయాలె, దానికి పద్ధతి నేర్చుకోవాలె అనుకున్న. విదేశంలో చదవాలన్న ఆశ నాకు అట్లా పుట్టింది.

పై చదువుకు ఇక్కడి నుంచి ఎవరు పోయారో చూడండి. 1895లో హైదరాబాదు నుంచి సరోజినీ చట్టోపాధ్యాయ నిజాం స్కాలర్‌షిప్ మీద ఇంగ్లండు పోయింది. మనం సరోజినీ నాయుడు అంటున్నది ఆమెనే. తండ్రి అఘోరనాథ్ నిజాం కాలేజీ ప్రిన్సిపాల్. ఆమె ప్రతిభను నేను తక్కువ చెయ్యడం లేదు. ఆమెకు ఇంట్లోనే కాలేజీ ఉందంటున్న. మరి అదే పట్నంలో మాల మాదిగ పిల్లలకు అక్షరాలు దిద్దించడానికి 1910లో భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజారులో సొంతంగా బడి పెట్టాల్సి వచ్చింది.

అంబేద్కర్ 1913లో కొలంబియాకు పోయింది బరోడా మహారాజు సయాజీరావు ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్లతో. తిరిగొచ్చి పదేళ్లు సంస్థానానికి కొలువు చెయ్యాలని ఒప్పందం రాయించుకున్నారు. గడువు తీరగానే 1917లో లండన్ చదువు సగంలో వదిలి రావాల్సి వచ్చింది. 1920లో మళ్లీ పోయింది తన జీతంలో కూడబెట్టిన పైసలతో, కొల్హాపూర్ షాహూ మహారాజు సాయంతో, పార్సీ మిత్రుడు నవల్ భతేనా ఇచ్చిన అప్పుతో. అంతటి మేధావికి కూడా ముందు కావాల్సి వచ్చింది జామీను. 1953 జనవరి 12న ఉస్మానియా ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆ సంగతి క్యాంపస్‌లో గర్వంగా చెప్పుకుంటరు. ఆయన అప్పుల సంగతి ఎవరూ చెప్పరు.

ఆ అప్పుల సంగతి ఆయన మరిచిపోలేదు. వైస్రాయి కౌన్సిల్లో ఉండగా 1942 అక్టోబరులో ఇచ్చిన వినతిపత్రంలో అంటరాని కులాల పిల్లల విదేశీ చదువులకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలని అడిగాడు. స్వతంత్రం వచ్చినంక 1954-55లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మొదలుపెట్టింది.

పాస్‌పోర్టుకూ ఇట్లాంటి చరిత్రే ఉంది. 1950లలో చదువులేని, ఆస్తిలేని కింది కులాలవాళ్లు బ్రిటన్ పోతామంటే మన అధికారులే దేశం పరువు పోతుందని పాస్‌పోర్టు ఇవ్వలేదని చరిత్రకారిణి కలాత్మిక నటరాజన్ పాత ఫైళ్లు తీసి చూపించింది. విదేశానికి పోవడం కూడా వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని సుప్రీంకోర్టు చెప్పడానికి 1967 దాకా పట్టింది. ఆ ఏడే పాస్‌పోర్టు చట్టం వచ్చింది. ఇప్పటికీ పది పాసుకాని కూలోడి పాస్‌పోర్టు వేరు. గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే 1983 వలస చట్టం కింద అతనికి ఇంకొక అనుమతి కావాలె.

ఇక వీసా. అమెరికా 1917 చట్టంలో మన దేశంతో సహా ఆసియాలో చాలా భాగానికి తలుపులు మూసింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. 1952 చట్టంలో 214 (బి) అనే సెక్షన్ ఉంది. చదువుకు వస్తానన్న ప్రతి మనిషీ అక్కడే ఉండిపోవడానికి వస్తున్నట్టు అధికారి అనుకోవాలె. కాదని రుజువు చేసుకోవాల్సింది మనమే. మీ దేశంలో మీకేముంది, దేనికోసం తిరిగొస్తరు? ఇల్లు, భూమి, వ్యాపారం ఉన్నోడు కాగితాలు తీసి చూపిస్తడు. ఊరు మమ్మల్ని బయటనే ఉంచింది. ఆ ఊరితో మా బంధం ఏ కాగితం మీద చూపాలె?

2012లో నాకు ఒక అమెరికా విశ్వవిద్యాలయంలో సీటొచ్చింది. వీసా కిటికీ దాకా పోవాలంటే ముందు ఆ విశ్వవిద్యాలయం ఐ-20 అనే కాగితం పంపాలె. అది పంపాలంటే మొదటి ఏడాది ఫీజు, తిండి ఖర్చు మా దగ్గర ఉన్నట్టు చూపాలె. నా క్లాసులో ఒకమ్మాయికి వాళ్ల మేనమామ ప్లాటు కాగితాలు, తాత పొలం కాగితాలు వారంలో వచ్చినయి. ఆడిటర్ విలువ కట్టి సంతకం పెట్టిండు. నేను మా నాయిన లావుణి పట్టా పట్టుకొని ఒక బ్యాంకుకు పోయిన. ఎకరం ఇరవై గుంటలు.

"ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తనఖా పెట్టాలమ్మా. ఇది అసైన్డ్. అమ్ముడుపోని భూమిని మేమేం జేసుకోవాలె?" అన్నడు మేనేజరు.

బయటికొచ్చినంక మా నాయిన అడిగిండు: "సర్కారే ఇచ్చిన భూమి గదా బిడ్డా, సర్కారు బ్యాంకుకు పనికిరాదా?"

1977 చట్టం లావుణి భూమిని అమ్మొద్దు, కొనొద్దు అన్నది. ఆ చట్టం మా మేలుకే వచ్చింది. అది లేకుంటే ఆ ఎకరంన్నర కూడా దొర కొట్టంలో కలిసేది. కాని మాకు దొరికిన ఒక్క ఆస్తీ మార్కెట్లో ఆస్తి కాకుండా పోయింది. వాళ్ల భూమి తరాలు దాటి విమానం ఎక్కుతుంది. మా భూమి గట్టు దాటదు. 1954 నుంచి ఉన్న ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాట 2012 దాకా మా హాస్టల్ నోటీసు బోర్డు మీదికి రాలేదు. సీటు గడువు దాటిపోయింది. నేను డీఎస్సీ రాసి టీచరునైన.

ఆ మరుసటి ఏడే, 2013లో, ఉమ్మడి రాష్ట్రం అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి తెచ్చింది, పది లక్షలతో. తెలంగాణ వచ్చినంక దాన్ని ఇరవై లక్షలు చేసిండ్రు. మంచి పథకం. దాని మీద పోయిన మన పిల్లలు ఎందరో ఉన్నరు. కాని అది నడిచే తీరు చూడండి. స్కాలర్‌షిప్ రావాలంటే ఇంటి ఆదాయం ఏడాదికి ఐదు లక్షలు దాటొద్దు. మీసేవలో పేదోళ్లమని సర్టిఫికెట్ తేవాలె. అదే నెలలో వీసాకు ఉన్నోళ్లమని కాగితాలు తేవాలె. మొదటి పది లక్షలు అమెరికాలో దిగి, అక్కడి ఐ-94 కాగితం పంపినంక వస్తయి. రెండో పది లక్షలు మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపినంక. వీసా ఆఫీసరు పైసలు ఎక్కకముందు అడుగుతడు, సర్కారు దిగినంక ఇస్తది. నడుమ ఉన్న సముద్రం ఎవరి పైసలతో దాటాలె?

2023లో మా చిన్నాయిన బిడ్డకు ప్రజారోగ్యంలో సీటొచ్చింది. రామంతాపూర్‌లో నా ఇంట్లో ఉండే అన్ని కాగితాలూ తయారుచేసింది. "అక్కా, ఖాతాల ఎంత సూపియ్యాలె?" అని రోజూ అదే మాట. కొన్ని రోజులు ఖాతాలో పైసలు నిలిపి వడ్డీ గుంజే ఏజెంట్లున్నరు. ఆ దారి మేం పట్టలేదు. నా జీతం చీటీలు, సర్వీసు సర్టిఫికెట్ పెట్టి ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో అప్పు తీసిన. వడ్డీ ఎక్కువే. మా వంశంలో మొదటి జామీను నా జీతం చీటీ. ఆ జీతం నాకు రిజర్వేషన్ ఇచ్చింది, రిజర్వేషన్ అంబేద్కర్ ఇచ్చిండు. షాహూ మహారాజు లేని మాకు ఆ సాయం ఇట్లా అందింది.

అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో తెరిచేదాకా మనోళ్లు వీసాకు మద్రాసు పోవాల్సి వచ్చేది. 2023 మార్చిలో అది నానక్‌రాంగూడకు మారింది. మా చెల్లె అక్కడికే పోయింది. ఫీజు ఎవరు కడ్తరని అడిగితే "మా అక్క, టీచర్" అన్నదట. మూడు నిమిషాల్లో అయిపోయింది. వీసా వచ్చింది. మా వాడంతా సంబరపడ్డది. నాకూ సంతోషమే. కాని టీచర్ అక్క లేని పిల్ల సంగతేంది? మా వాడలో అట్లాంటి పిల్లలే ఎక్కువ.

ఇంకో మాట. 2022లో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలు మార్చి, భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధనకు ఆ డబ్బు రాదని రాసిండ్రు. ఇక్కడి చరిత్ర ఇక్కడే చదువుకోవచ్చు గదా అని వాదన. ఇంజనీరింగూ ఇక్కడ ఉంది, దానికెందుకిస్తున్నరు? నేను 2012లో చదవాలనుకున్నది మా అవ్వ కూలి చరిత్ర. ఆ నిబంధన కింద అయితే నేను దరఖాస్తు కూడా పెట్టలేను. మన చేతులు బయటికి పోవచ్చు, మన నోరు పోవద్దన్న మాట.

విద్యార్థి మిత్రులారా, అడగాల్సినవి పెద్దవేం కాదు. స్కాలర్‌షిప్ మంజూరు వీసాకు ముందు కావాలె, ఆ మంజూరు లేఖే పైసలకు రుజువు కావాలె. తనఖా లేని విద్యారుణానికి సర్కారే జామీను నిలవాలె. చరిత్ర చదువు మీద పెట్టిన నిషేధం ఎత్తెయ్యాలె. ప్రతి ఎస్సీ హాస్టల్ గోడ మీద ఈ పథకాల పేర్లు, గడువులు తెలుగులో రాయాలె.

నా పరిధిలో నేను చేసే పని ఒకటుంది. పదో తరగతి మెమోకు పేర్లు పంపేటప్పుడు పిల్లలను ఒక్కొక్కరిని పిలిచి ఇంటి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ సరిచూస్త. మా తరంలో పంతుళ్లు నోటికొచ్చిన తేదీ వేసి, తోచిన పేరు రాసిండ్రు. రేపు ఆ మెమో పక్కన పెట్టే పాస్‌పోర్టు అడుగుతరు. మన పిల్ల ఎవరి బిడ్డో, ఏ ఊరిదో ఆ కాగితం మీద తప్పు లేకుండా ఉండాలె. మిగతాది కొట్లాడి తెచ్చుకుందాం.