పల్నాడు దాకా వచ్చిన త్రిభుజాలు

1801లో పల్నాడు కర్ణాటక నవాబు చేతిలోంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో మద్రాసు పక్కన సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి వంద అడుగుల ఉక్కు గొలుసు పరిపించి, ఏడున్నర మైళ్ల గీత ఒకటి కొలవడం మొదలుపెట్టాడు. ఆ ఒక్క గీతకే దాదాపు నెలన్నర పట్టింది. కంపెనీకి కావలసింది కొత్తగా దక్కిన సీమల పటం. లాంబ్టన్‌కు కావలసింది భూమి వంపు లెక్క. ఇద్దరి పనీ నెరవేర్చినవి మాత్రం ఇవాళ నరసరావుపేటలోనూ గురజాలలోనూ పదో తరగతి పిల్లలు బట్టీపడుతున్న సైన్ విలువలే.

ఏడున్నర మైళ్లు కొలిచినవాడికి వందల మైళ్ల దూరాలు ఎలా తెలిశాయి? గీత రెండు కొసల్లోనూ నిలబడి, దూరాన కొండ మీద పాతిన జెండాను థియోడొలైట్‌లోంచి చూసి కోణాలు తీశారు. త్రిభుజంలో ఏ భుజమైనా తన ఎదుటి కోణపు సైన్‌కు అనుపాతంలో ఉంటుంది కనుక, తక్కిన రెండు భుజాలూ కాగితం మీదే తేలాయి. అలా తేలిన భుజమే తరవాతి త్రిభుజానికి ఆధారం. ఇక గొలుసు తీయనక్కర్లేదు, కొండలెక్కే ఓపిక ఉంటే చాలు. థియోడొలైట్ బరువే అర టన్ను!

నల్లబల్ల మీద జానెడు త్రిభుజంలోనైనా, మూడు కొండల మధ్య మైళ్ల కొద్దీ పరుచుకున్న త్రిభుజంలోనైనా 30 డిగ్రీల సైన్ సగమే. నిష్పత్తికి కోణంతోనే పని, త్రిభుజం ఎంతుందో దానికి పట్టదు. పాఠ్యపుస్తకంలో ఒక వాక్యంలో దాటిపోయే ఈ ధర్మం లేకపోతే లాంబ్టన్ మద్రాసు దాటేవాడు కాదు. దీని రుజువు సరూప త్రిభుజాల పాఠంలోనే ఉంది. త్రికోణమితికి వచ్చేసరికి ఆ పాఠాన్ని మరిచిపోయి పట్టిక వల్లె వేయించడం నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

పంచాంగాలు గుణించేవాళ్లకు ఈ విద్య కొత్తది కాదు. 499 నాటి ఆర్యభటుడు వ్యాసార్ధాన్ని 3438గా తీసుకుని, 3 డిగ్రీల 45 నిమిషాలకొకటి చొప్పున 24 జ్యాలు లెక్కగట్టాడు. మొదటిది 225. దాన్ని 3438తో భాగిస్తే ఇప్పటి పుస్తకంలోని సైన్ వస్తుంది.

సర్వేయర్లు సన్నటి కోణాలున్న త్రిభుజాల జోలికి పోరు. ఎందుకో సైన్ పట్టికే చెబుతుంది. 5 డిగ్రీల సైన్ 0.087, 6 డిగ్రీలది 0.105. కోణంలో ఒక్క డిగ్రీ తేడాకు విలువ ఐదో వంతు పెరిగిపోయింది. అదే 60 నుంచి 61కి వెళితే 0.866 కాస్తా 0.875 అవుతుంది, నూటికి ఒక వంతు. అంటే సన్నటి కోణం దగ్గర చూపు కాస్త తప్పితే మైళ్లు తప్పుతాయి. కోణాలు అరవై డిగ్రీలకు దగ్గరగా ఉంటే పొరపాటు పొరపాటుగానే ఆగుతుంది. పరీక్షలో ఈ ప్రశ్న ఒక్కటి వచ్చినా బాగుండు.

నమ్మకం కోసం లాంబ్టన్ బృందం 1804లో బెంగళూరు దగ్గర ఇంకో గీతను గొలుసుతో కొలిచింది. మద్రాసు నుంచి త్రిభుజాల మీదుగా వచ్చిన లెక్కకూ ఆ కొలతకూ తేడా నాలుగు అంగుళాల లోపే. 1811లో గుత్తి దగ్గర మరో ఆధార రేఖ పడింది. 1815 నాటికి గోవా నుంచి మచిలీపట్నం దాకా, కృష్ణకు దక్షిణాన ఉన్న నేలంతా త్రిభుజాల వలలోకి వచ్చింది. పల్నాడూ అందులోదే. ఆ తరవాత ఏరు దాటి కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి వెళ్లిన లాంబ్టన్ సహాయకుడు జార్జ్ ఎవరెస్టు బృందాన్ని 1819లో మన్నెపు జ్వరం పడగొట్టింది. కొందరు చనిపోయారు. ఎవరెస్టు కోలుకోవడానికి ఓడెక్కి దక్షిణాఫ్రికా కొసకు పోవలసి వచ్చింది.

పల్నాటి పిల్లలకు టాన్ నేర్పడానికి ఊళ్లోనే సరంజామా ఉంది. మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతం సుమారు 70 అడుగులు. దాని అడుగు మట్టంలో 70 అడుగుల దూరాన నిలబడితే ఊర్ధ్వకోణం 45. దూరం 121 అడుగులైతే కోణం 30. ఇప్పుడు అక్కడే నిలబడ్డ మనిషికి కోణం 60 కావాలంటే జలపాతం ఎంత ఎత్తుండాలి? రెట్టింపని చాలామంది అంటారు. కాదు, మూడింతలు: 210 అడుగులు. కోణం రెట్టింపైతే టాన్ రెట్టింపు కావాలన్న నియమమేమీ లేదు.

కోటప్పకొండ ప్రభలు ఇంకా సులువు. శివరాత్రి ఫిబ్రవరి చివర్లో వస్తే మిట్టమధ్యాహ్నం నరసరావుపేటలో సూర్యుడు సుమారు 65 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. 65 టాన్ రెండుకు కాస్త పైన. ప్రభ నీడను అడుగులతో కొలిచి రెండింతలు చేస్తే ఎత్తు ఇంచుమించుగా తెలిసిపోతుంది, ఎవరూ ఎక్కనక్కర్లేదు.

నాగార్జునసాగర్ దగ్గర మాత్రం జాగ్రత్త. డ్యాం ఎత్తుగా పుస్తకాల్లో చెప్పే 124 మీటర్లు అట్టడుగు పునాది నుంచి తీసిన లెక్క. దిగువన నిలబడి టాన్‌తో కట్టినవాడికి అంతకంటే తక్కువే వస్తుంది, అందుకు మాస్టారు మార్కులు కోయకూడదు.