కుండలో ఏం పడుతోంది?



మినప్పప్పూ బియ్యమూ రుబ్బి రాత్రి మూతపెడితే తెల్లవారేసరికి పిండి పొంగుతుంది. ఈ పులియడమే కల్లుకీ, బీరుకీ కూడా మూలం. ఆడవాళ్ళ కార్యక్రమంలో ఈ మాటలేమిటి అనుకోకండి. ఒకప్పుడు ఇదీ ఆడవాళ్ళ చేతి పనే.

మధ్యయుగాల ఇంగ్లండులో ఏల్ అనే పానీయం కాచింది ఎక్కువగా ఇల్లాళ్ళే. మనం రాగులు మొలకకట్టినట్టే వాళ్ళు బార్లీని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టేవాళ్ళు. వేడినీళ్ళలో ఊరవేసి ఈస్టు కలిపేవాళ్ళు. అది ఎక్కువ రోజులు నిలవుండదు గనక, ఇంట్లోకి పోగా మిగిలింది ఇరుగుపొరుగుకి అమ్మేవాళ్ళు. తరవాత హాప్స్ అనే చేదుపువ్వు వేయడం వచ్చింది, సరుకు నిలవుండసాగింది. నిలవుండే సరుకు వ్యాపారికి చేదా? పెద్ద పీపాలూ పెట్టుబడీ వచ్చి, క్రమంగా పని మగవాళ్ళ పాలయింది. ‘మైల్డ్ ఏల్’ అనే మాటకి మొదటి అర్థం మాత్రం నిలవ వెయ్యని తాజా ఏల్ అనే.

మన కౌటిల్యుడూ అర్థశాస్త్రంలో మేదకమనే మద్యానికి బియ్యమెంత, నీళ్ళెంత, పులియబెట్టే కిణ్వమెంత అని కొలతలిచ్చాడు. ఆ కిణ్వానికి కావలసినవి మినుములూ బియ్యమూ. మన ఇడ్లీపిండి సరుకే చూశారా! ఈ దినుసులు సేకరించే పని స్త్రీలూ పిల్లలూ చెయ్యాలనీ, పండగలప్పుడు గృహస్థులు ఇంట్లో కాచుకోవచ్చనీ రాశాడు.

ఇక మన నెల్లూరు కోస్తా ఇసుక నేలల్లో ఉన్నది తాటిచెట్టు. చెట్టుకి కట్టే కుండ లోపల సున్నం పూస్తే దిగేది తియ్యని నీరా. దాన్ని కాస్తే తాటిబెల్లం. సున్నం పుయ్యకపోతే పొద్దెక్కేసరికి కల్లు. పిల్లల నోటికి తీపా, మగవాడి తలకి మత్తా అన్నది ఆ కాస్త సున్నమే తేల్చేది.

1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం వచ్చింది. నెల్లూరు అప్పుడు మద్రాసు రాజధానిలోదే. లైసెన్సు లేకుండా కాస్తే నేరమయింది. సర్కారుకి రాబడి, పాట పాడుకున్నవాడికి లాభం. కుండ ఇంటిది కాకుండా పోయింది. 1980లలో పాకెట్లలో ఊరూరా దిగిన సారాలో ఏం కలుస్తోందో తాగేవాడికే తెలియదు. దాని ఖరీదు మాత్రం పొయ్యి వెలగని ఇల్లాలికి తెలుసు.

1992లో కలిగిరి మండలం దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు ‘సీతమ్మ కథ’ అనే పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు, ఊళ్ళో సారా అంగడి మూయించారు. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. ఆ పట్టుదల ఊరూరా పాకింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధమయింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలిపోయిందనుకోండి. అయినా, కూలి డబ్బులు ఇంటికి చేరాలని ఆడవాళ్ళు పట్టుబడితే ప్రభుత్వాలు దిగివస్తాయని అప్పుడు తెలిసింది.

కుండ మన చేతిలో ఉన్నన్నాళ్ళూ అందులో ఏం పడుతోందో చూసుకున్నాం. చెయ్యి మారాక, నష్టం మాత్రం మన గడపలోకి వచ్చింది. నూనె కొన్నా, పాలు కొన్నా, పిల్లలు రంగునీళ్ళ సీసా తెచ్చుకున్నా రెండు మాటలు అడగండి. ఇందులో ఏం పడింది? లాభం ఎవరికి? అడగడం గయ్యాళితనం కాదు, ఇల్లాలితనం.