హైదరాబాద్ సంస్థానం: రక్షణ, విదేశాంగ శాఖల సమన్వయం (1947–48)

1798 సైన్య సహకార సంధి తర్వాత నిజాం విదేశీ వ్యవహారాలు బ్రిటిష్ వారి చేతిలోకి వెళ్లాయి. అందువల్ల 1947లో స్వతంత్రంగా నిలవాలనుకున్న సంస్థానానికి సైన్యాన్నీ దౌత్యాన్నీ కలిపి నడిపిన అనుభవం లేదు. ఆ ఏడాది నవంబరు 29న కుదిరిన యథాతథ ఒప్పందం ఈ విషయాలను పాత పద్ధతిలోనే, అంటే భారత ప్రభుత్వం వద్దే, ఉంచింది.

అయినా ప్రధాని మీర్ లాయక్ అలీ ప్రభుత్వం 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతా మండలి ఎదుట విదేశాంగ మంత్రి మొయిన్ నవాజ్ జంగ్ వాదిస్తున్నప్పటికే భారత సేనలు సంస్థానంలోకి వచ్చి నాలుగో రోజు. తూర్పు దళం విజయవాడ రోడ్డున నగరం వైపు సాగింది. వెనుదిరుగుతున్న నిజాం సైనికులు సూర్యాపేట దగ్గర మూసీ వంతెనను పేల్చారు. 17న నిజాం లొంగుబాటు ప్రకటించారు. మరునాడు సైన్యాధిపతి ఎల్ ఎడ్రూస్ భారత సైన్యపు మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయారు. 22న నిజాం ఫిర్యాదు ఉపసంహరించుకున్నారు.

సైన్యం ఎన్నాళ్లు నిలవగలదో లెక్కించి దౌత్యం నడవలేదు. ఖాసిం రజ్వీ నడిపిన సాయుధ స్వచ్ఛంద దళం, రజాకార్లు, ఏ శాఖ అదుపులోనూ లేకపోవడం అంతకన్నా పెద్ద లోపం; దాని మూల్యం చెల్లించింది పల్లె ప్రజలు. ఢిల్లీలోనూ నెహ్రూ, పటేల్ మధ్య అభిప్రాయ భేదాలున్నాయి, కానీ నిర్ణయం జరిగాక సంస్థానాల శాఖ, సైన్యం ఒకే మాట మీద నడిచాయి.